ఏప్రిల్‌లో సదస్సు, జూన్‌లో మామిడి దుడ్లు

ఏప్రిల్‌లో మా ఇంట్లో దుడ్లుండవు. పాకాల, పెనుమూరు, ఐరాల చుట్టుపక్కల మామిడి తోటను నమ్ముకున్న ఏ ఇంటికి పోయినా ఇదే మాట. తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీకి తోలేది జూన్‌లో. ఫ్యాక్టరీ వాళ్లు లెక్కకట్టి డబ్బు వేసేది ఇంకా ఆ తర్వాత. అంతదాకా ఇల్లు నడిచేది పాల బిల్లు మీద. నా చదువుకు సంబంధించిన పెద్ద సదస్సేమో వియన్నాలో, వేసవి మొదట్లో. యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ వాళ్ల మహాసభ అది, మేము ఈజీయూ అంటాం. 2023 ఏప్రిల్‌లో నేను అక్కడికి పోయాను. ట్రావెల్ గ్రాంటు మీదే, అంటే సదస్సుకు పోయే ఖర్చుకు ఇచ్చే సాయం మీదే పోయాను. కానీ ఆ టికెట్ కొన్నది మా అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పుతో.

ఈమధ్య జూనియర్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. "అక్కా, ఏ గ్రాంటుకి పెట్టుకోవాల? వస్తాదా?" అని. వాళ్లందరికీ విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. వస్తుందా రాదా అని అందరూ అడుగుతారు. ఎప్పుడు వస్తుంది అని ఎవరూ అడగరు. చేతిలో ఏమీ లేని ఇంటినుంచి వచ్చిన స్కాలర్ పోగలడా లేదా అన్నది చాలాసార్లు తేలేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

ముందు నా పని గురించి కొంచెం. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి టోల్‌గేటు అందరికీ తెలుసు. అక్కడే లోపల ఉన్న రాడార్ తెలిసినవాళ్లు తక్కువ. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న మైదానంలో 1024 యాంటెన్నాలు నిలబెట్టారు. అన్నీ కలిసి 53 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగాలను నేరుగా ఆకాశంలోకి పంపుతాయి. గాలిలోని చిన్న చిన్న అల్లకల్లోలాలకు తగిలి వెనక్కొచ్చిన సన్నటి సంకేతాన్ని పట్టుకుని, పైన గాలి ఏ ఎత్తున ఎట్లా వీస్తున్నదో చెబుతాయి. 1990ల మొదట్లో మొదలైన ఈ కేంద్రానికి 2005లో నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లాబొరేటరీ అని పేరు పెట్టారు. నైరుతి రుతుపవనాల కాలంలో మన నెత్తిన దాదాపు 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక గాలి ప్రవాహం పరుగెత్తుతుంది, జెట్ ప్రవాహం అంటారు దాన్ని. దాని వేగం ఒక్కోసారి సెకనుకు 40 మీటర్లు. ఆ ప్రవాహం కింద ఏర్పడే అల్లకల్లోలపు పొరలు నా పీహెచ్‌డీ.

ఇట్లాంటి రాడార్లు ప్రపంచంలో చాలా కొద్దిచోట్ల ఉన్నాయి. పెరూలో లిమా దగ్గర హికమార్కా, జపాన్‌లో షిగరాకి, సుమత్రా దీవిలో కొటోటబాంగ్, ఇంకొన్ని. అంటే నా పనిని లోతుగా అర్థం చేసుకోగల మనుషులు కూడా అట్లా దేశానికి కొందరు చొప్పున చెల్లాచెదురుగా ఉన్నారు. తిరుపతిలో కూర్చుంటే నాకు మా సార్ ఉన్నారు, గాదంకిలో కొందరు ఉన్నారు. అంతకు మించి నా పటాలు చూసి "ఇది ఎందుకిట్లా ఉంది?" అని అడిగేవాళ్లు కావాలంటే నేనే పోవాలి.

"ఆడికి పోయి ఏం జేస్తావుమ్మా? రాసిందేదో పంపిస్తే సాలదా?" అన్నాడు నాయన. తోట, ఆవులు తప్ప వేరే లెక్క లేని మనిషి అడిగిన ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. నాకు ఆ క్షణం గుర్తొచ్చింది సి.వి. రామన్. ఫిబ్రవరి 28న ప్రతి కాలేజీలోనూ ఆయన సముద్రపు నీలం కథ చెబుతారు. ఓడ మీద నిలబడి మధ్యధరా సముద్రాన్ని చూశాడు, ఆ రంగు ఎందుకని ఆలోచించాడు, అది 1928లో రామన్ ఎఫెక్టుకూ 1930లో నోబెల్‌కూ దారితీసింది అంటారు. అసలు ఆయన ఆ ఓడ ఎందుకెక్కాడో మాత్రం ఎవరూ చెప్పరు. 1921లో ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయాల మహాసభ జరిగితే కలకత్తా విశ్వవిద్యాలయం తన ప్రతినిధిగా ఆయన్ని పంపింది. ఆయన సభకు పోయి తిరిగొస్తున్నాడు. నాయనకు ఇదంతా చెప్పాను. ఆయన విని, "సరే, ఆయప్పకి యూనివర్సిటీ ఇచ్చింది గదా, నీకెవరిస్తారు?" అన్నాడు.

నాకెవరిస్తారో వెతికాను. అప్పట్లో సెర్బ్‌కి, అంటే పరిశోధనలకు డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థకు, ఇంటర్నేషనల్ ట్రావెల్ సపోర్ట్ అని ఒక పథకం ఉండేది. మన పరిశోధన పేపర్‌ను సదస్సువాళ్లు అంగీకరించినట్టు ఉత్తరం చూపిస్తే 35 ఏళ్ల లోపు వాళ్లకు దగ్గరి దారిలో ఎకానమీ టికెట్, వీసా రుసుము, రిజిస్ట్రేషన్ రుసుము ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) లో కలిసింది కాబట్టి నిబంధనలు తాజాగా చూసుకునే దరఖాస్తు చేయండి. సీఎస్ఐఆర్, ఐసీఎంఆర్, డీబీటీ లాంటి మిగతా కేంద్ర సంస్థల వాళ్లకూ వాళ్ల వాళ్ల రంగాలకు పథకాలున్నాయి. ఈజీయూ కూడా కొందరికి సొంతంగా సాయం చేస్తుంది, కానీ దానికి గడువు మామూలుగా పేపర్ సారాంశాలు పంపే గడువుకంటే చాలా ముందే అయిపోతుంది. అందుకే గ్రాంటు గురించి ఆలోచించాల్సింది సదస్సు ముందు నెలలో కాదు, అంతకుముందు దీపావళికి.

నాకు ఒకచోట మంజూరైంది. ఆ ఉత్తరం చూసి డిపార్ట్‌మెంటులో అందరికీ టీ ఇప్పించాను. తర్వాత కూర్చుని ఉత్తరం పూర్తిగా చదివితే తెలిసింది. డబ్బు తిరిగొచ్చాక ఇస్తారు. టికెట్, బోర్డింగ్ పాసులు, రిజిస్ట్రేషన్ రసీదు, హాజరైన సర్టిఫికెట్ అన్నీ జతచేసి పంపాలి, వాళ్లు పరిశీలించాలి, అప్పుడు యూనివర్సిటీ ఖాతాకు వస్తుంది, అక్కడినుంచి నాకు వస్తుంది. బస, భోజనం అసలు లెక్కలోకే రావు.

అప్పుడు నాకు ఫెలోషిప్ నెలకు 35 వేలు. (సీనియర్ ఫెలోషిప్‌ని 42 వేలు చేశారు, 2023 జనవరి నుంచి వర్తించేట్టు. కానీ ఆ నిర్ణయం బయటికొచ్చింది నేను తిరిగొచ్చాకే.) అది కూడా నెల నెలా ఒకటో తేదీన పడేది కాదని స్కాలర్లందరికీ తెలుసు. విమానం టికెట్ ఒక్కటే నా రెండు నెలల జీతానికి సమానం. దానిమీద రిజిస్ట్రేషన్, 80 యూరోల వీసా రుసుము (ఇప్పుడది 90), వీసా కేంద్రం వాళ్ల రుసుము, 30 వేల యూరోలకు తగ్గని ఇన్సూరెన్సు, అక్కడ హాస్టల్లో ఒక మంచం. వీసాకు బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించాలి. టికెట్ కొంటే ఖాతా ఖాళీ అవుతుంది, ఖాతా ఖాళీగా ఉంటే వీసా రాదు. పైగా ప్రభుత్వ సొమ్ముతో పోయే ప్రయాణానికి టికెట్ బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ఈ మూడు ఏజెన్సీల్లో ఒకచోటే కొనాలి. వేరేచోట చవగ్గా దొరికిందని కొనేస్తే తర్వాత బిల్లు ఆగిపోతుంది.

నా పరిస్థితే నయం. నాకు ఫెలోషిప్ అంటూ ఒకటుంది. మా డిపార్ట్‌మెంటులో ఫెలోషిప్ తెచ్చే నెట్ పరీక్ష పాసవకుండా చేరినవాళ్లకు నెలకు ఒక్క రూపాయి రాదు. పొద్దున ప్రైవేటు కాలేజీలో క్లాసులు చెప్పి, మధ్యాహ్నం ల్యాబ్‌కు వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకరికి నాకంటే ముందే మంచి సదస్సులో పేపర్ అంగీకరించారు, గ్రాంటుకి అర్హత కూడా ఉంది. "ముందు పెట్టేదానికి నాదగ్గర లేవు" అని దరఖాస్తే పెట్టలేదు. ఇట్లాంటివాళ్లు ఏ లెక్కలోనూ కనబడరు. దరఖాస్తు చేసి రానివాళ్లను లెక్కపెట్టగలం. దరఖాస్తు చేయనివాళ్లను ఎవరు లెక్కపెడతారు?

మా ఇంట్లో అమ్మ తేల్చేసింది. "సంఘంలో అడగతాను. నువ్వు పనయ్యేదాకా నాయనతో ఏం మాట్లాడొద్దు." మిగతా ఆడవాళ్లు సంతకాలు పెడితేనే అప్పు. వాళ్లలో ఒకరిద్దరు అడిగారంట, "పెండ్లికా అక్కా?" అని. "కాదు, సభకు" అందంట అమ్మ. నెల నెలా కంతు కట్టింది ఆమే. నాకు గ్రాంటు డబ్బు చేరేనాటికి మామిడి కాలం వచ్చి వెళ్లిపోయింది కూడా. వడ్డీ ఏ గ్రాంటులోనూ రాదు.

ఇంత కష్టపడి పోయి ఏం సాధించానో చెప్పాలి. దాన్ని సరిగ్గా చెప్పడం కోసమే ఇదంతా రాస్తున్నాను.

నా మొదటి పేపర్ అప్పటికి ఒక పరిశోధన పత్రికలో ఇరుక్కుని ఉంది. సమీక్షకుల్లో ఒకరు రెండే రెండు వాక్యాలు రాశారు, కిరణం వెడల్పు ప్రభావాన్ని సరిచేసిన తీరు తృప్తిగా లేదని. సంగతేమిటంటే, రాడార్ కిరణం పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. గాదంకి కిరణం సుమారు 3 డిగ్రీలు. 16 కిలోమీటర్ల ఎత్తుకు పోయేసరికి అది 800 మీటర్లు దాటుతుంది. అక్కడ గాలి అడ్డంగా సెకనుకు 40 మీటర్లు వీస్తుంటే, కిరణం ఒక అంచున గాలి మనవైపు వస్తున్నట్టూ, రెండో అంచున మననుంచి పోతున్నట్టూ కనిపిస్తుంది. అందువల్ల పైన ఏ అల్లకల్లోలమూ లేకపోయినా తిరిగొచ్చిన సంకేతం వెడల్పుగా ఉంటుంది. ఆ వెడల్పును సరిగా తీసేస్తేనే మిగిలింది నిజమైన అల్లకల్లోలం. జెట్ ప్రవాహం మధ్యలో తీసేయాల్సిందే ఎక్కువ, మిగిలేది కొంచెం. ఎంత తీయాలన్నదాంట్లో చిన్న తేడా వచ్చినా ఫలితం తలకిందులవుతుంది. మేము సూత్రం ప్రకారం చేశాం. ఆయనకో ఆమెకో అది ఎందుకు నచ్చలేదో ఆ రెండు వాక్యాల్లోంచి పిండుకోలేక నెలల తరబడి నేనూ మా సార్ కిందామీదా పడ్డాం.

వియన్నాలో సాయంత్రం పోస్టర్ల వేళ, అంటే ఎవరి పనిని వాళ్లు పెద్ద కాగితం మీద అతికించి పక్కన నిలబడి వివరించే సమయం. వేలమంది తిరిగే హాలు అది. నా పోస్టర్ దగ్గర ఒకామె ఆగింది. మెడలో కార్డు మీద పేరు చూసి నాకు గుండె దడదడలాడింది. కొటోటబాంగ్ రాడార్ మీద ఆమె రాసిన పేపర్లు నా దగ్గర ప్రింటు తీసి, గీతలు గీసి, అంచులు చిరిగి ఉన్నాయి. ఆమె రెండో పటం మీద వేలు పెట్టి అడిగింది, గాలి వేగం ఎత్తుతో మారుతున్నచోట నువ్వు వాడిన సూత్రం ఏది అని. చెప్పాను. నా దగ్గరున్న పోస్టర్ కాపీ ఒకటి తిప్పి, వెనకవైపు కిరణం గీసి, దాంట్లో పై అంచుకూ కింది అంచుకూ గాలి బాణాలు వేర్వేరు పొడవుల్లో గీసింది. నిటారు కిరణానికి ఒక లెక్క, పక్కకు వంచిన కిరణానికి ఇంకో లెక్క, రెండోదాంట్లో వేగం మార్పు కూడా వచ్చి కలుస్తుంది. ఏ కిరణంలో అది ఎంతో వేరుచేసి చూపిస్తే చదివేవాళ్లకు నమ్మకం కుదురుతుందని చెప్పింది. సమీక్షకులు రాసిన రెండు వాక్యాలకు అర్థం అదన్నమాట! పది నిమిషాల్లో తెలిసిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

మర్నాడు ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చి తన విద్యార్థికి పరిచయం చేసింది. ఆ అమ్మాయి తాను రాసుకున్న ప్రోగ్రాం పంపించింది. ఆ వర్షాకాలంలో గాదంకి సమాచారమంతా దాంతో మళ్లీ నడిపించాం. పేపర్ వచ్చింది. తర్వాత నేను ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు మా యూనివర్సిటీ బయటినుంచి ఒక సిఫారసు ఉత్తరం కావాల్సి వస్తే ఆమెనే అడిగాను. నా పని తనకు ఎట్లా తెలుసో రెండు పేజీలు రాసింది. తిరుపతిలో కూర్చుని ఈమెయిల్ పెట్టి ఉంటే ఆ రెండు పేజీలు వచ్చేవి కావు. పరిచయం లేని మనిషికి ఎవరు రాస్తారు?

ఆన్‌లైన్‌లో ఇదంతా కాదా అని కొందరంటారు. నేను అదీ చేశాను. 2020లో కోవిడ్ వల్ల ఈజీయూ సభ మొత్తం ఆన్‌లైన్‌లోనే జరిపారు. ఒక్కొక్కరి పని గురించి చాట్ పెట్టెలో టైపు చేసుకోవాలి, దానికి కొన్ని నిమిషాలు. ఊళ్లో మిద్దెమీద సిగ్నల్ దొరికే మూల కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్‌తో చేరాను. ఒకరు ఒక ప్రశ్న అడిగారు, నేను జవాబు టైపు చేసేలోపు తర్వాతి వాళ్ల వంతు వచ్చేసింది. ఖర్చు లేకుండా పాల్గొనగలగడం గొప్పే, దూరానున్న మనలాంటివాళ్లకు ఆ దారి తెరిచే ఉండాలి. కానీ కాగితం తిప్పి బొమ్మ గీసే చోటు చాట్ పెట్టెలో లేదు.

ఇంకొక మాట తరచుగా వింటాను, పిల్లల్ని బయటికి పంపితే అక్కడే ఉండిపోతారని. నేను చూసింది దీనికి తిరగబడి ఉంది. పాకిస్తాన్ భౌతికశాస్త్రవేత్త అబ్దుస్ సలాం కథ దీనికి నాకు తెలిసిన అన్నిటికంటే గట్టి సాక్ష్యం. కేంబ్రిడ్జ్‌లో చదివి 1951లో లాహోర్‌కు తిరిగొచ్చాడు ఆయన, సొంత దేశంలో పాఠాలు చెబుతూ పరిశోధన చేసుకుందామని. మాట్లాడేందుకు తన రంగంలో మనిషి లేడు. మూడేళ్లకు, 1954లో, మళ్లీ కేంబ్రిడ్జ్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ వెలితిని ఆయన మర్చిపోలేదు. 1964లో ఇటలీలోని ట్రియెస్తేలో ఐసీటీపీ అనే అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రం పెట్టించాడు. పేద దేశాల శాస్త్రవేత్తలు సొంత ఉద్యోగం వదలకుండా కొన్ని వారాలు అక్కడికి వచ్చి, నలుగురితో పనిచేసి, మళ్లీ ఇంటికి పోయేట్టు అసోసియేట్ల పథకం నడిపించాడు. ప్రయాణం, బస వాళ్లే చూసుకునేవాళ్లు. ఏడాదిలో కొన్నాళ్లు పోయిరాగలిగితే మిగతా కాలమంతా మన ఊళ్లోనే ఉండి పని చేయగలం. నేనిప్పుడు చిత్తూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, సెలవుల్లో గాదంకి సమాచారం మీద పని చేసుకుంటున్నానంటే, బయట నాకు నలుగురు తెలుసు కాబట్టే చేయగలుగుతున్నాను.

సభలే మన దగ్గరకొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2006 డిసెంబర్‌లో ప్రపంచంలోని ఎంఎస్‌టీ రాడార్ (గాదంకిలో ఉన్నలాంటి రాడార్) వాళ్లంతా గాదంకి, తిరుపతిల్లోనే కలిశారు. మా సార్ అప్పుడు స్కాలర్. బస్సు ఛార్జీతో పనైపోయిందని ఇప్పటికీ సంతోషంగా చెబుతారు. 2017 జనవరిలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ 104వ సమావేశాలు ఎస్వీ యూనివర్సిటీలోనే జరిగితే, ఎమ్మెస్సీ చదువుతున్న నేను రోజూ పోయి నోబెల్ గ్రహీతల్ని దూరంనుంచి చూశాను. ప్రశ్న అడిగేందుకు ఒక కుర్రాడు ధైర్యంగా మైకు అందుకోవడం చూసి, నేనూ ఎప్పుడో అట్లా అడగాలనుకున్నాను.

వయసు గురించి ఒక మాట. 35 ఏళ్లని గీత గీసే పథకాలు మన దగ్గర ఎక్కువ. ఈజీయూ వాళ్లు మాత్రం చివరి డిగ్రీ తీసుకుని ఏడేళ్లు దాటనివాళ్లను కొత్త పరిశోధకులుగా లెక్కేస్తారు, పిల్లల కోసం తీసుకున్న సెలవును అందులోంచి మినహాయిస్తారు. మా వైపు పెళ్లయి, బిడ్డ బడికి పోవడం మొదలయ్యాక పీహెచ్‌డీలో చేరే ఆడవాళ్లు చాలామంది. పద్మావతి మహిళా యూనివర్సిటీకి పోయి చూడండి. 36 ఏళ్లకు థీసిస్ మొదలుపెట్టిన మనిషి కొత్త పరిశోధకురాలు కాకపోతే ఇంకెవరు? ఈ లెక్క మారాలి.

ఇక డబ్బు ఎప్పుడొస్తుందన్న అసలు సంగతి. గ్రాంట్లు ఇచ్చేంత డబ్బు రాష్ట్ర యూనివర్సిటీల దగ్గర లేదని నాకు తెలుసు. నేను అడిగేది గ్రాంటు కూడా కాదు, అడ్వాన్సు. బయటి సంస్థ మంజూరు ఉత్తరం ఇచ్చేసింది, ఆ డబ్బు ఎటూ యూనివర్సిటీ ఖాతాకే వస్తుంది. అది వచ్చేదాకా టికెట్‌కు, రిజిస్ట్రేషన్‌కు ముందుగా ఇచ్చి, వచ్చాక జమ చేసుకుంటే చాలు. ఒకసారి పక్కనపెట్టిన డబ్బు ఏటేటా తిరుగుతూనే ఉంటుంది. ఉద్యోగులకు పండగ అడ్వాన్సు ఇచ్చి జీతంలో పట్టుకునే పద్ధతి మనకు కొత్తేమీ కాదు గదా.

అది జరిగేదాకా ఆగలేక, మేం పాత స్కాలర్లం కొందరం కలిసి చిన్న మొత్తం పోగేశాం. అంగీకార ఉత్తరం, మంజూరు ఉత్తరం రెండూ చేతిలో ఉంటే అడ్వాన్సు ఇస్తాం. వడ్డీ లేదు. గ్రాంటు డబ్బు రాగానే తిరిగివ్వాలి. వీసా రాకపోతే టికెట్ రద్దులో పోయిన డబ్బు అందరం భరిస్తాం, అది ఆ స్కాలర్ నెత్తిన పెట్టకూడదని మొదటే అనుకున్నాం. దేశంలోపల జరిగే ట్రోప్‌మెట్ అనే వాతావరణ శాస్త్ర సదస్సుకో, నేషనల్ స్పేస్ సైన్స్ సింపోజియంకో పోయేవాళ్లకైతే స్లీపర్ టికెట్, రిజిస్ట్రేషన్ కలిపి అయ్యేది తక్కువే, కానీ ఫెలోషిప్ లేని స్కాలర్‌కు అదే చాలా ఎక్కువ. నన్నడిగితే విదేశాల కంటే ముందు ఈ సభలకు పోవాలి. మొదటిసారి పోస్టర్ ముందు నిలబడి వణికేది తెలిసిన భాషలోవాళ్ల మధ్య వణకడం మేలు.

మొదట అడ్వాన్సు తీసుకున్నది బంగారుపాళ్యం వైపు అమ్మాయి. తన బిల్లు మంజూరైన రోజే మొత్తం తిరిగి పంపింది. ఆ దుడ్లు ఇప్పుడు వేరుశనగ మీద పనిచేసే ఒక అబ్బాయి టికెట్‌కు పోయాయి. నారాయణి, ధరణి రకాలు మన తిరుపతి వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే పుట్టాయని, వాటి గురించి చెప్పేందుకే పోతున్నానని వచ్చినప్పుడల్లా చెబుతుంటాడు. వచ్చే వారం చెన్నైలో అతని వీసా అపాయింట్‌మెంట్. బ్యాంకు స్టేట్‌మెంట్ మీద స్టాంపు వేయించుకోమని ఇందాకే ఫోన్ చేసి చెప్పాను.